స్థానిక ప్రజారోగ్య సేవల ప్రణాళిక, సమకూర్పు: శ్రీకాకుళం జిల్లా

స్థానిక ప్రజారోగ్య సేవల ప్రణాళిక, సమకూర్పు అనేది ఒక ప్రాంత ప్రజల ఆరోగ్య అవసరాలను అంచనా కట్టి, వాటికి తగ్గ సేవలను నిర్ణయించి, నిధులు, సిబ్బంది, మందులు కేటాయించి, ఆ సేవలు ప్రజలకు అందేలా చూసే పరిపాలనా ప్రక్రియ. సేవలను ప్రభుత్వం సొంత ఆసుపత్రుల ద్వారా అందించవచ్చు, ప్రైవేటు లేదా స్వచ్ఛంద సంస్థలతో ఒప్పందం చేసుకుని వాటి ద్వారా అందించవచ్చు. ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం జిల్లాలో ఈ రెండు మార్గాలూ పక్కపక్కనే నడుస్తున్నాయి. పేదల ఆసుపత్రి ఖర్చు భరించే ఆరోగ్యశ్రీ పథకం 2007లో తొలిదశగా అమలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఉద్దానం కిడ్నీ వ్యాధి కోసం ప్రత్యేక ఆసుపత్రి, తాగునీటి పథకం వచ్చినదీ ఇక్కడే. గార మండలంలోని శ్రీకూర్మం వంటి తీర గ్రామం మొదలుకొని విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆసుపత్రి దాకా విస్తరించిన ఈ వ్యవస్థ చట్ట ప్రాతిపదిక, చరిత్ర, నిర్మాణం, పనితీరు ఈ వ్యాసంలో ఉన్నాయి.

నిర్వచనం, పరిధి

ప్రజారోగ్య సేవలు రెండు తెగలు. మొదటివి జనసమూహం మొత్తానికి ఉద్దేశించినవి: టీకాలు, వ్యాధుల నిఘా, దోమల నివారణ, తాగునీటి పరీక్షలు, పారిశుద్ధ్యం, ఆరోగ్య విద్య. రెండోవి వ్యక్తికి అందే వైద్యం: గర్భిణుల పరీక్షలు, ప్రసవం, రక్తపోటు, మధుమేహాలకు మందులు, శస్త్రచికిత్సలు, డయాలసిస్. మొదటి తెగ సేవలకు విపణి ఉండదు కనుక వాటి భారం దాదాపు పూర్తిగా ప్రభుత్వానిదే. రెండో తెగ సేవల్లోనే సొంతంగా నడపడమా, బయటినుంచి కొనడమా అనే ఎంపిక ఎక్కువగా ఎదురవుతుంది.

ఏ సేవ, ఎక్కడ, ఎంతమందికి, ఏ ప్రమాణంలో కావాలో ప్రణాళిక తేలుస్తుంది. దాన్ని ఎవరి చేత, ఏ ధరకు, ఏ షరతులపై చేయించాలో సమకూర్పు తేలుస్తుంది. ఈ ప్రక్రియలో మూడు పాత్రలుంటాయి: నిధులిచ్చేవారు, సేవను సమకూర్చేవారు, సేవను అందించేవారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం విషయంలో ఈ మూడు పాత్రలూ ప్రభుత్వ శాఖలోనే కలిసిపోతాయి. ఆరోగ్యశ్రీ తరహా పథకంలో ప్రభుత్వం నిధులిస్తుంది, ట్రస్టు సమకూరుస్తుంది, గుర్తింపు పొందిన ఆసుపత్రి వైద్యం చేస్తుంది.

రాజ్యాంగ, చట్ట ప్రాతిపదిక

ప్రజారోగ్యాన్ని, పోషకాహార స్థాయిని మెరుగుపరచడం రాజ్యాంగంలోని 47వ అధికరణం ప్రకారం రాజ్య ప్రాథమిక విధుల్లో ఒకటి. ఏడో షెడ్యూలు ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఆసుపత్రులు, డిస్పెన్సరీలను రాష్ట్ర జాబితాలో చేర్చింది. అంటువ్యాధులు ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి పాకకుండా చూడడం, కుటుంబ నియంత్రణ ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. ఒడిశాతో సరిహద్దు పంచుకునే శ్రీకాకుళం జిల్లాకు ఈ విభజన నేరుగా వర్తిస్తుంది.

1992లో ఆమోదం పొందిన 73వ సవరణ పదకొండో షెడ్యూలును చేర్చింది. ఆరోగ్యం, పారిశుద్ధ్యం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, కుటుంబ సంక్షేమం, స్త్రీ శిశు అభివృద్ధి పంచాయతీరాజ్ సంస్థలకు అప్పగించదగిన విషయాలుగా అందులో ఉన్నాయి. వీటిని ఏ మేరకు అప్పగించాలన్నది రాష్ట్ర శాసనసభ నిర్ణయానికి విడిచిపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్య సిబ్బంది నియామకం, జీతాలు, బదిలీలు ప్రధానంగా వైద్య ఆరోగ్య శాఖ చేతిలోనే ఉన్నాయి. గ్రామ పారిశుద్ధ్యం, వీధికుళాయిల నిర్వహణ పంచాయతీల బాధ్యత.

ఈ రంగంలో ముఖ్యమైన ఇతర చట్టాలు: 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం, 1986 నాటి ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్ చట్టం, ప్రైవేటు ఆసుపత్రుల నమోదు, నియంత్రణలకు సంబంధించిన 2002 నాటి రాష్ట్ర చట్టం.

చరిత్ర

మద్రాసు ప్రెసిడెన్సీ కాలం

శ్రీకాకుళం తాలూకా 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు గంజాం జిల్లాలో ఉండేది. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలో చేరింది. పంతొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాల్లో స్థానిక బోర్డులు పన్నులు వసూలు చేసి లోకల్ ఫండ్ డిస్పెన్సరీలను నడిపాయి, మశూచి టీకాలు వేయించాయి. వైద్యం స్థానిక సంస్థల ఖర్చుతో, పర్యవేక్షణ ప్రభుత్వ వైద్యాధికారుల చేతుల్లో సాగేది.

1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం ఈ బాధ్యతను శాసనబద్ధం చేసింది. ప్రభుత్వ గ్రాంట్లు మినహా మిగిలిన ఆదాయంలో మునిసిపాలిటీలు కనీసం 30 శాతం, జిల్లా బోర్డులు కనీసం పన్నెండున్నర శాతం ప్రజారోగ్యానికి కేటాయించాలని అది నిర్దేశించింది. తాగునీరు, మురుగు, అంటువ్యాధుల ప్రకటన, ఆహార పదార్థాలతో పాటు సంతలు, తిరునాళ్ల వద్ద చేయవలసిన ఏర్పాట్లనూ అది చట్ట పరిధిలోకి తెచ్చింది.

1946 నుంచి 1986 వరకు

సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో నియమితమైన కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. నివారణ, చికిత్సలను ఒకే గొడుగు కిందికి తెచ్చి, జనాభా లెక్కన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు నెలకొల్పాలని అది సిఫారసు చేసింది. 1952లో మొదలైన సమాజాభివృద్ధి కార్యక్రమంలో బ్లాకుకొక కేంద్రం చొప్పున ఇవి ఏర్పడసాగాయి. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడిపడడంతో జిల్లా స్థాయి ఆరోగ్య యంత్రాంగం ఇక్కడ విడిగా రూపొందింది. 1979 జూన్ 1న శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల్లోని కొన్ని ప్రాంతాలతో విజయనగరం జిల్లా ఏర్పడింది.

ఈ కాలంలో మలేరియా, మశూచి, క్షయ, కుష్ఠు, బోదకాలు వంటి ఒక్కో జబ్బుకు ఒక్కో జాతీయ కార్యక్రమం వచ్చింది. 1955లో మొదలైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం బోదకాలు ఎక్కువగా ఉన్న ఉత్తరాంధ్ర తీరానికి ముఖ్యమైనది. ఒక్కో కార్యక్రమానికి వేర్వేరు సిబ్బంది ఉండడం వల్ల వచ్చిన చిక్కును తొలగించేందుకు 1973 నాటి కర్తార్ సింగ్ కమిటీ బహుళ ప్రయోజన ఆరోగ్య కార్యకర్తల విధానాన్ని సూచించింది.

1986 నుంచి 2005 వరకు

1986 చట్టం ద్వారా ఏర్పడిన వైద్య విధాన పరిషత్ జిల్లా, ఏరియా ఆసుపత్రుల వంటి ద్వితీయ స్థాయి ఆసుపత్రులను ఆరోగ్య శాఖ డైరెక్టరేట్ నుంచి వేరుచేసి స్వయంప్రతిపత్తి గల సంస్థ కిందికి తెచ్చింది. 1990ల మధ్యలో ప్రపంచ బ్యాంకు రుణంతో అమలైన ప్రథమ రిఫరల్ ఆరోగ్య వ్యవస్థల ప్రాజెక్టు ఈ ఆసుపత్రుల భవనాలు, పరికరాలు, నిర్వహణ పద్ధతులను మెరుగుపరిచింది.

2005 తర్వాత

2005 ఏప్రిల్ 12న ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ జిల్లాను ప్రణాళికకు మూల ఘటకంగా తీసుకుంది. గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లే ఆశా కార్యకర్తలు, జిల్లా ఆరోగ్య సొసైటీలు, ఆసుపత్రుల చేతికి నేరుగా అందే స్వేచ్ఛా నిధులు దీనితో వచ్చాయి. 2013లో పట్టణ మిషన్ చేరి జాతీయ ఆరోగ్య మిషన్‌గా మారింది. ఇదే సమయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సేవలను బయటినుంచి కొనే మార్గంలోనూ ముందుకు సాగింది: 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు, 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ, 2008లో గ్రామాలకు నిర్ణీత రోజున వెళ్లే 104 సంచార వైద్య వాహనాలు మొదలయ్యాయి.

2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ సచివాలయాల వల్ల ఏఎన్‌ఎంల (సహాయక నర్సు మంత్రసానుల) నియామకం పెరిగింది. సుమారు 2,500 జనాభాకు ఒకటి చొప్పున విలేజ్ క్లినిక్‌లు ఏర్పడ్డాయి. 2023 ఏప్రిల్ 6న రాష్ట్రమంతటా అమలులోకి వచ్చిన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ఇద్దరు వైద్యుల్లో ఒకరు కేంద్రంలో ఉంటే రెండోవారు 104 వాహనంలో గ్రామాలకు వెళ్తారు.

అంచెల వ్యవస్థ

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పాలకొండ, సీతంపేట ప్రాంతాలు పార్వతీపురం మన్యం జిల్లాలో, రాజాం ప్రాంతం విజయనగరం జిల్లాలో చేరాయి. దాంతో 38 మండలాల శ్రీకాకుళం 30 మండలాల జిల్లా అయింది. 2011 జనగణనలో 27 లక్షలకు పైగా ఉన్న జిల్లా జనాభా పునర్వ్యవస్థీకరణ తర్వాతి హద్దుల ప్రకారం దాదాపు 22 లక్షలు. ఈ విభజనతో పాత జిల్లా లెక్కల మీద వేసిన సిబ్బంది, పడకల అంచనాలను తిరిగి సరిచేయవలసి వచ్చింది.

సేవల అంచెలు ఇవి:

గ్రామ స్థాయి. జాతీయ ప్రమాణం ప్రకారం ఉపకేంద్రం మైదాన ప్రాంతంలో 5,000, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 జనాభాకు ఒకటి ఉండాలి. కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు, ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలు ఇక్కడ పనిచేస్తారు. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద ఈ కేంద్రాలను ఆరోగ్య, స్వస్థత కేంద్రాలుగా మార్చే పని మొదలైంది. 2023లో వాటికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు పెట్టారు.

ప్రాథమిక స్థాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మైదానంలో 30,000, గిరిజన ప్రాంతంలో 20,000 జనాభాకు ఒకటి. గ్రామ కేంద్రాల పర్యవేక్షణ, టీకాల నిల్వ, సాధారణ ప్రసవాలు, రక్త పరీక్షలు ఇక్కడి పనులు.

ద్వితీయ స్థాయి. సామాజిక ఆరోగ్య కేంద్రాలు, ఏరియా ఆసుపత్రులు, జిల్లా ఆసుపత్రి ఈ అంచెలోనివి. టెక్కలి, పలాస, నరసన్నపేట, సోంపేటల్లోని ఆసుపత్రులు జిల్లా ఉత్తర, మధ్య భాగాలకు ఆధారం.

తృతీయ స్థాయి. శ్రీకాకుళంలో రాజీవ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థగా 2008లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల, దాని సర్వజన ఆసుపత్రి ఉన్నాయి. 2023 సెప్టెంబరు 15న విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. వీటికి పైన విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రి ఉత్తరాంధ్ర జిల్లాలన్నింటికీ చివరి రిఫరల్ కేంద్రం. రాగోలులోని గ్రేట్ ఈస్టర్న్ వైద్య కళాశాల, నెల్లిమర్లలోని మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ ప్రైవేటు రంగంలోని బోధనాసుపత్రులు.

శ్రీకూర్మం జిల్లా కేంద్రానికి దగ్గరలో ఉండడంతో అక్కడి రోగికి పై అంచెల ఆసుపత్రి చేరడం తేలిక. ఇచ్ఛాపురం, కవిటి మండలాల వారికి జిల్లా కేంద్రమే దూరం. విశాఖపట్నం 200 కిలోమీటర్లకు పైమాటే. జనాభా ప్రమాణాలు ఒకటే అయినా చేరువ ఒకటి కాకపోవడం ఈ జిల్లా ప్రణాళికలో పదేపదే ఎదురయ్యే అంశం.

ప్రణాళిక తయారీ

ప్రణాళిక కింది నుంచి సమాచారంగా పైకి వెళ్తుంది, పై నుంచి కేటాయింపుగా కిందికి వస్తుంది. దశలు ఇలా ఉంటాయి.

మొదటిది అవసరాల అంచనా. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఇంటింటి సర్వేలో గర్భిణులు, పసిపిల్లలు, 30 ఏళ్లు దాటినవారి రక్తపోటు, మధుమేహం, క్యాన్సర్ అనుమాన లక్షణాలు, క్షయ లక్షణాలు నమోదు చేస్తారు. ఆరోగ్య నిర్వహణ సమాచార వ్యవస్థకు చేరే నెలవారీ నివేదికలు, సమీకృత వ్యాధి నిఘా వ్యవస్థ నమోదు చేసే కేసులు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లా ఫలితాలు దీనికి తోడవుతాయి.

రెండోది గ్రామ ప్రణాళిక. పంచాయతీ సభ్యులు, ఏఎన్‌ఎం, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలతో కూడిన గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ స్థానిక సమస్యలను గుర్తిస్తుంది. నీటి ట్యాంకుల శుద్ధి, కాలువల పూడికతీత, అత్యవసర రవాణా వంటి చిన్న ఖర్చులకు ఈ కమిటీకి మిషన్ నిబంధనల ప్రకారం ఏటా 10,000 రూపాయల వరకు స్వేచ్ఛా నిధి లభిస్తుంది.

మూడోది జిల్లా ఆరోగ్య కార్యాచరణ ప్రణాళిక. కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా ఆరోగ్య సొసైటీ, జిల్లా వైద్య ఆరోగ్యాధికారి, కార్యక్రమ నిర్వహణ విభాగం దీన్ని రూపొందిస్తారు. టీకాలు, క్షయ, మలేరియా, కుష్ఠు విభాగాల అధికారులు తమ తమ లక్ష్యాలు, ఖర్చుల అంచనాలు చేరుస్తారు.

నాలుగోది రాష్ట్ర ప్రణాళిక. జిల్లా ప్రణాళికలను క్రోడీకరించి రాష్ట్రం కార్యక్రమ అమలు ప్రణాళికను కేంద్రానికి పంపుతుంది. కేంద్రంలోని జాతీయ కార్యక్రమ సమన్వయ కమిటీ పరిశీలించాక ఆమోదిత అంశాలు, మొత్తాలతో కార్యవాహక పత్రం వెలువడుతుంది. పూర్వం ఏటేటా సాగిన ఈ తంతు 2022–24 నుంచి రెండేళ్లకొకసారి జరుగుతోంది.

ఐదోది అమలు, సవరణ. ఆమోదం పొందిన పద్దుల్లోనే ఖర్చు చేయాలి. అంటువ్యాధి, తుపాను వంటి సందర్భాల్లో రాష్ట్ర విపత్తు నిధులు, కలెక్టరు అత్యవసర అధికారాలు తోడవుతాయి.

నిధులు

జీతాలు, భవనాలు, వైద్య కళాశాలల ఖర్చులో అత్యధిక భాగం రాష్ట్ర బడ్జెట్ నుంచి వస్తుంది. జాతీయ ఆరోగ్య మిషన్‌లో 2015–16 నుంచి కేంద్ర, రాష్ట్రాల వాటా 60:40. తొలి సంవత్సరాల్లో కేంద్ర నిధులు నేరుగా ఆరోగ్య సొసైటీల ఖాతాలకు వెళ్లేవి. 2014–15 నుంచి రాష్ట్ర ఖజానా ద్వారా వస్తున్నాయి. రాష్ట్రాలు తమ వాటా విడుదల చేయడంలో ఆలస్యం జరిగితే కాంట్రాక్టు సిబ్బంది జీతాల దాకా దాని ప్రభావం ఉంటుంది.

పదిహేనో ఆర్థిక సంఘం 2021–26 కాలానికి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్య రంగానికి దేశమంతటికీ 70,051 కోట్ల రూపాయల గ్రాంటు సిఫారసు చేసింది. భవనాలు లేని ఉపకేంద్రాల నిర్మాణం, గ్రామీణ కేంద్రాల్లో రోగనిర్ధారణ పరీక్షలు, బ్లాకు స్థాయి ప్రజారోగ్య విభాగాలు ఇందులోని పద్దులు. 2021 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య మౌలిక వసతుల మిషన్ జిల్లా ప్రయోగశాలలు, అత్యవసర చికిత్సా విభాగాలకు నిధులిస్తోంది. 2019లో ప్రపంచ బ్యాంకుతో కుదిరిన 32.8 కోట్ల డాలర్ల ఆరోగ్య వ్యవస్థల పటిష్ఠీకరణ ప్రాజెక్టులో నిధుల విడుదలను నిర్దేశిత ఫలితాల సాధనతో ముడిపెట్టారు.

సమకూర్పు పద్ధతులు

నేరుగా అందించడం. ఉపకేంద్రం నుంచి సర్వజన ఆసుపత్రి దాకా ప్రభుత్వ సిబ్బందితో నడిచే సేవలు ఇందులోకి వస్తాయి. బడ్జెట్ పడకలు, పోస్టుల లెక్కన కేటాయిస్తారు. వచ్చిన రోగుల సంఖ్యను బట్టి అది వెంటనే మారదు.

కేంద్రీకృత కొనుగోలు. మందులు, పరికరాలు, భవనాల పనులను రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ టెండర్ల ద్వారా సమకూరుస్తుంది. జిల్లా కేంద్రంలోని కేంద్ర ఔషధ గిడ్డంగి నుంచి ఆరోగ్య కేంద్రాలు ఇండెంట్ పెట్టి మందులు తీసుకుంటాయి. 1994లో ఏర్పడిన తమిళనాడు వైద్య సేవల సంస్థ ఈ తరహా కొనుగోలుకు దేశంలో నమూనాగా నిలిచింది. గిడ్డంగిలో దొరకని మందులకు ఆసుపత్రి స్థాయిలో పరిమితంగా స్థానిక కొనుగోలు వీలుంటుంది.

కాలపరిమితి ఒప్పందాలు. 108, 104 వాహనాలు, డయాలసిస్, కొన్ని రోగనిర్ధారణ పరీక్షలు, పరికరాల మరమ్మతు, ఆసుపత్రి పారిశుద్ధ్యం, భద్రత ఈ పద్ధతిలో నడుస్తాయి. టెండరులో సేవ పరిమాణం, ప్రమాణం, ధర, జరిమానాలు నిర్ణయమవుతాయి. 108లో వాహనం చేరే సమయం, డయాలసిస్‌లో చేసిన సెషన్ల సంఖ్య చెల్లింపులకు, తనిఖీకి కొలమానాలు. 2020 జూలై 1న రాష్ట్రం ఒకేసారి 1,088 కొత్త 108, 104 వాహనాలను ప్రవేశపెట్టింది.

ప్యాకేజీ చెల్లింపులు. ఆరోగ్యశ్రీ 2007లో శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో బీమా పద్ధతిలో మొదలై 2008 జూలై నాటికి ఉమ్మడి రాష్ట్రమంతటా విస్తరించింది. ఒక్కో చికిత్సకు ముందే నిర్ణయించిన ధర ఉంటుంది. రోగి ఆసుపత్రికి వెళ్తే అక్కడి పథకం ప్రతినిధి అయిన ఆరోగ్యమిత్ర నమోదు చేస్తారు. ట్రస్టు ముందస్తు అనుమతి ఇస్తుంది. చికిత్స ముగిశాక ఆసుపత్రి క్లెయిమ్ పంపితే పరిశీలించి చెల్లిస్తారు. ప్రభుత్వ ఆసుపత్రులు కూడా ఇలాగే క్లెయిమ్‌లు పొందుతాయి. కుటుంబానికి ఏడాదికి మొదట రెండు లక్షల రూపాయలుగా ఉన్న పరిమితి దశలవారీగా పెరిగి 2023 డిసెంబరులో 25 లక్షలైంది. ప్రభుత్వాలు మారినప్పుడు పథకం పేరు మారింది. 2024 నుంచి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం రెండున్నర లక్షల వరకు బీమా సంస్థ ద్వారా, అంతకు మించితే 25 లక్షల వరకు ట్రస్టు ద్వారా చెల్లించే మిశ్రమ విధానాన్ని ఆమోదించింది.

పర్యవేక్షణ, నాణ్యత

భారత ప్రజారోగ్య ప్రమాణాలు 2007లో వెలువడి, 2012, 2022లలో సవరణ పొందాయి. ప్రతి అంచెలో ఉండవలసిన సిబ్బంది, పరీక్షలు, మందులను ఇవి నిర్దేశిస్తాయి. జాతీయ నాణ్యతా ప్రమాణాల ధ్రువీకరణ, 2015లో మొదలైన కాయకల్ప అవార్డులు ఆసుపత్రుల శుభ్రత, చికిత్సా పద్ధతులను బేరీజు వేస్తాయి. మాతృ మరణాలపై విచారణ, కలెక్టరు నెలవారీ సమీక్షలు, ఆసుపత్రి అభివృద్ధి సొసైటీల సమావేశాలు, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) ఆడిట్ ఇతర సాధనాలు. ప్యాకేజీ చెల్లింపుల్లో అనవసర శస్త్రచికిత్సలు, రోగి నుంచి అదనపు వసూళ్లు ప్రధానంగా తనిఖీ చేసే అంశాలు. రుజువైతే ఆసుపత్రి గుర్తింపును సస్పెండ్ చేయవచ్చు లేదా రద్దు చేయవచ్చు.

ఉత్తరాంధ్రలో ప్రత్యేక సందర్భాలు

ఉద్దానం కిడ్నీ వ్యాధి

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు విస్తరించిన ఉద్దానంలో మధుమేహం, రక్తపోటు వంటి సాధారణ కారణాలు లేనివారిలోనూ దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అధికంగా కనిపిస్తోంది. పలు పరిశోధనలు జరిగినా కారణం నిర్ధారణ కాలేదు. ప్యాకేజీ పథకం డయాలసిస్ ఖర్చు భరించినా, కేంద్రాలు దూరంగా ఉండడంతో రోగులకు ప్రయాణ భారం, కూలి నష్టం తప్పేవి కావు.

2017 జనవరిలో సినీనటుడు, జనసేన అధ్యక్షుడు పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురంలో బాధితులతో సమావేశమయ్యాక సమస్యపై రాష్ట్రవ్యాప్త చర్చ జరిగింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో డయాలసిస్ కేంద్రాలు, గ్రామాల్లో మూత్రపిండాల పరీక్షలు, శుద్ధి చేసిన నీటి కేంద్రాలు వచ్చాయి. డయాలసిస్ రోగులకు పింఛను ప్రవేశపెట్టి, 2019లో నెలకు 10,000 రూపాయలకు పెంచారు. 2019 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగిన పలాస కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి 807 గ్రామాలకు పంపే 700 కోట్ల రూపాయల తాగునీటి పథకం అదే రోజు మొదలైంది. జనాభా ప్రమాణాలకు బదులు వ్యాధి భారాన్ని ఆధారంగా తీసుకున్న ప్రణాళికకు, వైద్యం, నీరు, పింఛను అనే మూడు శాఖల పనిని ఒకచోట చేర్చినదానికి ఇది ఉదాహరణ. ప్రత్యేక వైద్యుల నియామకం, వారు అక్కడే కొనసాగేలా చూడడం ఈ ఆసుపత్రికి ప్రారంభం నుంచి సవాలుగా ఉంది.

మన్యం ప్రాంతం

సీతంపేట, పార్వతీపురం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థల పరిధిలో మలేరియా, రక్తహీనత, సికిల్ సెల్ వ్యాధి, రోడ్డు లేని కొండ గ్రామాల నుంచి గర్భిణుల తరలింపు ముఖ్య సమస్యలు. ప్రసవ తేదీకి ముందే గర్భిణులను కొండ దిగువకు చేర్చి ఉంచే వసతి గృహం సాలూరులో ఏర్పాటైంది. అంబులెన్సు వెళ్లలేని దారుల్లో రోగిని ప్రధాన రహదారికి చేర్చేందుకు ద్విచక్ర ఫీడర్ అంబులెన్సులను ప్రవేశపెట్టారు. ఇక్కడ ప్రణాళిక బాధ్యత ఆరోగ్య శాఖ, గిరిజన సంక్షేమ శాఖల మధ్య పంచుకుని ఉంటుంది.

తీరప్రాంతం, ఉత్సవాలు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండల తీరం దాటినప్పుడు విద్యుత్తు, రోడ్లు, తాగునీరు ఒక్కసారిగా స్తంభించాయి. తుపాను కాలానికి ముందు మందుల నిల్వలు, జనరేటర్లు, క్లోరిన్, ప్రసవం దగ్గరపడిన గర్భిణుల జాబితా సిద్ధం చేసుకోవడం తీర మండలాల ప్రణాళికలో భాగం.

శ్రీకూర్మంలో ఫాల్గుణ పౌర్ణమి వేళ జరిగే డోలోత్సవానికి, పితృకార్యాలకు శ్వేత పుష్కరిణి వద్దకు ఏడాది పొడవునా వచ్చే యాత్రికులకు తాగునీరు, మరుగుదొడ్లు, పుష్కరిణి పరిశుభ్రత, ప్రథమ చికిత్స అవసరం. ఇలాంటి ఏర్పాట్లలో దేవాదాయ శాఖ, పంచాయతీ, ఆరోగ్య శాఖ, పోలీసుల పాత్రలు కలుస్తాయి. స్థిర జనాభా లెక్కన వేసిన కేటాయింపుల్లో ఈ తాత్కాలిక రద్దీకి చోటు ఉండదు కనుక ఉత్సవాలకు విడి ప్రణాళిక వేస్తారు.

నీటివల్ల వచ్చే వ్యాధులు

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల గ్రామంలో అతిసారం ప్రబలి పలువురు మరణించారు. ప్రభుత్వం సీనియర్ ఐఏఎస్ అధికారి చేత విచారణ జరిపించింది. తాగునీటి కాలుష్యం ప్రధానంగా చర్చకు వచ్చింది. వ్యాధిని గుర్తించడం ఆరోగ్య శాఖ పని, నీటి పైపులు గ్రామీణ నీటి సరఫరా విభాగానివి, కాలువలు పంచాయతీవి. ఈ మూడింటి మధ్య సమాచారం సకాలంలో అందడం వ్యాధి నిఘాకు కీలకం.

ఇతర దేశాల పద్ధతులు

ఇంగ్లండులో 1948లో ఏర్పడిన జాతీయ ఆరోగ్య సేవలో 1990 నాటి చట్టం సేవలు కొనేవారిని, అందించేవారిని వేరుచేసింది. 2013 ఏప్రిల్‌లో ప్రజారోగ్య బాధ్యత స్థానిక పాలక మండళ్లకు మారింది. పొగాకు మాన్పించడం, లైంగిక ఆరోగ్యం వంటి సేవలను అవి అవసరాల అంచనా ఆధారంగా కొంటాయి. ఆసుపత్రి సేవలను 2022 జూలై నుంచి ప్రాంతీయ సమీకృత ఆరోగ్య బోర్డులు సమకూరుస్తున్నాయి. థాయిలాండులో 2002 చట్టంతో ఏర్పడిన జాతీయ ఆరోగ్య భద్రతా కార్యాలయం నమోదైన జనాభా తలసరి లెక్కన ప్రాథమిక సేవలకు చెల్లిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో కొనుగోలు ప్రధానంగా ఆసుపత్రి చికిత్సలకు పరిమితమైంది. ప్రాథమిక సేవలు శాఖాపరమైన బడ్జెట్‌తో నడుస్తున్నాయి. కొనే అధికారం కూడా జిల్లాలో గాక రాష్ట్ర స్థాయిలో ఉంది.

ప్రాధాన్యం, చర్చనీయాంశాలు

ఈ వ్యవస్థ వల్ల టీకాలు, ఆసుపత్రి ప్రసవాలు, అత్యవసర రవాణా గ్రామ స్థాయికి చేరాయి. ఖరీదైన శస్త్రచికిత్సలు పేద కుటుంబాలకు అందుబాటులోకి వచ్చాయి. చర్చలో ఉన్న అంశాలు ప్రధానంగా నాలుగు.

మొదటిది ఖర్చుల సమతూకం. ప్యాకేజీ పథకాలు తృతీయ వైద్యానికి ఎక్కువ నిధులు మళ్లించి నివారణను వెనక్కి నెడతాయని విమర్శకులు అంటారు. ప్రాణాపాయ జబ్బుల్లో కుటుంబాలు అప్పులపాలు కాకుండా ఇవే కాపాడాయని సమర్థకులు అంటారు. రెండోది బిల్లుల బకాయిలు. చెల్లింపులు ఆలస్యమైనప్పుడు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేసిన సందర్భాలున్నాయి. మూడోది అధికార వికేంద్రీకరణ. ప్రణాళిక జిల్లా పేరుతో తయారైనా పద్దుల మధ్య నిధులు మార్చుకునే వీలు జిల్లాకు పరిమితం. నాలుగోది ప్రైవేటు భాగస్వామ్యం. 2025లో రాష్ట్ర ప్రభుత్వం పార్వతీపురం సహా పది కొత్త వైద్య కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో చేపట్టాలని నిర్ణయించింది. పెట్టుబడి భారం తగ్గి నిర్మాణం వేగంగా పూర్తవుతుందని ప్రభుత్వం చెప్పింది. పేదల వైద్యం, సీట్ల మీద ప్రజా నియంత్రణ తగ్గుతుందని ప్రతిపక్షం ఆక్షేపించింది.

ఇవి కూడా చూడండి

ఆరోగ్యశ్రీ, ఆశా కార్యకర్త, ఉద్దానం, కింగ్ జార్జి ఆసుపత్రి, గ్రామ సచివాలయం, జాతీయ ఆరోగ్య మిషన్, పార్వతీపురం మన్యం జిల్లా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, బోదకాలు, భోర్ కమిటీ, మద్రాసు ప్రజారోగ్య చట్టం, 1939, వైద్య విధాన పరిషత్, శ్రీకూర్మం.